కారు లేకుండా ఒక్కరోజు రైలు, మ్యూజియం షికారు: శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాల కోసం

"మాకు కారు లేదు. పిల్లలిద్దరు, అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. పొద్దున్న బయల్దేరి విశాఖలో సబ్‌మెరైన్ చూసి రాత్రికి ఇల్లు చేరగలమా?" ఈ ప్రశ్న నన్ను ఏటా ఎంతోమంది అడుగుతారు. అరకు రైలు గురించి అడిగేవాళ్లూ అంతే మంది. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

చేరగలరు. మేము పదిసార్లకు పైగా అలాగే వెళ్లి వచ్చాం. కానీ బస్సును, రైలును నమ్ముకున్న రోజుకు లెక్క వేరుగా ఉంటుంది. ఆ లెక్క ఇంటికి తిరిగొచ్చే బండి దగ్గర మొదలవుతుంది.

## 1. ముందు తిరుగు బండి రాసుకోండి

ఒక కాగితం తీసుకుని అన్నిటికంటే కింద, రాత్రి ఎన్ని గంటలకు ఇంట్లో ఉండాలో రాయండి. దాని పైన, ఆ వేళకు ఇల్లు చేర్చే బస్సో రైలో రాయండి. ఆ పైన, అది తప్పితే ఎక్కడానికి ఇంకొకటి. అక్కడి నుంచి పైకి లెక్కేసుకుంటూ వెళ్తే పొద్దున్న ఇంట్లోంచి ఎప్పుడు కదలాలో తేలుతుంది.

చాలామంది పైనుంచి కిందకు రాస్తారు. 6 గంటలకు బయల్దేరడం, 9కి చేరడం, ఒకటి చూడటం, ఇంకొకటి చూడటం. సాయంత్రానికి అన్నీ కలిసి గంటన్నర ఆలస్యమై, చివరి రైలు కోసం పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తాల్సి వస్తుంది.

శ్రీకాకుళం వాళ్లకు ఇంకో మెలిక ఉంది. ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, ఊరికి సుమారు 13 కిలోమీటర్ల దూరంలో. రైలు దిగాక ఆ 13 కిలోమీటర్లకు బస్సో ఆటోయో కావాలి. రాత్రి 10 దాటాక నిద్రపోతున్న పిల్లతో అక్కడ దిగితే ఆ చివరి ముక్కే రోజంతటిలో కష్టమైన ప్రయాణం. అందుకే శ్రీకాకుళం వాళ్లకు నేను చెప్పేది ఒకటే: వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు ఆర్టీసీ బస్సు. బస్సయితే నేరుగా ఊళ్లోని కాంప్లెక్స్‌లో దింపుతుంది. విజయనగరం వాళ్లకు స్టేషన్ ఊళ్లోనే ఉంది కాబట్టి రెండువైపులా రైలు ఫరవాలేదు.

కాగితం మీద ఉండాల్సినవి:

- ఇంటికి చేరాల్సిన గంట
- తిరుగు బండి, అది తప్పితే ఇంకొకటి
- చూసే చోటు నుంచి స్టేషన్‌కో కాంప్లెక్స్‌కో పట్టే సమయం, దానికి ఇంకో అరగంట కలిపి
- చూడాల్సిన ముఖ్యమైన చోటు, ఒక్కటే
- టైం మిగిలితే చూసేది, అదీ ఒక్కటే

## 2. ఎవరు వస్తున్నారో చూసి చోటు ఎంచుకోండి

అయిదేళ్ల లోపు పిల్లలుంటే రైలు ప్రయాణమే వాళ్లకు షికారు. మ్యూజియంలో ముప్పావు గంట దాటితే ఉండలేరు. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వాళ్లకు సబ్‌మెరైన్, విమానం, సొరంగాలు బాగా నచ్చుతాయి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల విషయం ముందే తేల్చుకోండి. సబ్‌మెరైన్ లోపల, బొర్రా గుహల్లో, శాలిహుండం కొండ మీద మెట్లు, వంగడాలు తప్పవు. వాళ్లను ఇంట్లో వదిలేయమని అనడం లేదు. వాళ్లు హాయిగా కూర్చునే చోటు, వాళ్లతో పాటు కూర్చునే మనిషి ముందే ఖాయమై ఉండాలి. మా ఇంట్లో ఒకరు అత్తయ్యతో ఉంటారు, ఇంకొకరు పిల్లలతో లోపలికి వెళ్తారు. తర్వాత మారతాం. ఈ మాట ఇంట్లోనే అనుకుని బయల్దేరాలి. గేటు దగ్గరకు వెళ్లాక అనుకుంటే ఎవరో ఒకరు చిన్నబుచ్చుకుంటారు.

## 3. సెలవు రోజు, తెరిచే వేళ

మ్యూజియాలన్నిటికీ ఒకే రోజు సెలవు ఉండదు. విశాఖ బీచ్‌లోని కురుసుర సబ్‌మెరైన్, ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం మ్యూజియాలకు సోమవారం సెలవు. తవ్వకాలు జరిగిన చోటే కేంద్ర పురావస్తు శాఖ నడిపే మ్యూజియాలకు సాధారణంగా శుక్రవారం. మన శాలిహుండం ఆ కోవలోనిదే.

తెరిచే వేళ ఇంకా ముఖ్యం. మామూలు రోజుల్లో ఒక వేళ, ఆదివారం ఇంకో వేళ పెట్టే చోట్లున్నాయి. ఒకసారి మేము బుధవారం పొద్దున్న 10 గంటలకే ఒక మ్యూజియం గేటు ముందు నిలబడ్డాం. మధ్యాహ్నం దాకా తెరవరని బోర్డు. ఎండలో నాలుగు గంటలు, చేతిలో రెండేళ్ల పిల్ల. ఆ రోజు నుంచి ముందురోజు సాయంత్రం ఫోన్లో మ్యాప్ తెరిచి ఆ వారం వేళలు చూసుకోవడం, నంబరుంటే ఫోన్ చేసి అడగడం అలవాటు చేసుకున్నాం.

ఈ రోజులు కూడా చూసుకోండి:

- డిసెంబరు 4 నేవీ డే. ఆ రోజుల్లో విశాఖ బీచ్ రోడ్డులో విన్యాసాలు, రిహార్సల్స్ ఉంటే ట్రాఫిక్ ఆపేస్తారు.
- విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. సిరిమాను చూడటానికైతే తప్పక వెళ్లండి. కోట, గురజాడ ఇల్లు చూడటానికి మాత్రం ఆ రోజు పెట్టుకోకండి.
- రథసప్తమికి అరసవల్లి జనంతో శ్రీకాకుళం బస్సులు కిటకిటలాడతాయి.

## 4. టిక్కెట్లు

రైల్లో అయిదేళ్ల లోపు పిల్లలకు విడిగా సీటు అడగకపోతే టిక్కెట్టు అక్కర్లేదు. అయిదు నుంచి పన్నెండు లోపు వాళ్లకు జనరల్ బోగీలో సగం టిక్కెట్టు. రిజర్వేషన్ సిట్టింగ్, చైర్‌కార్‌లలో ఆ వయసు వాళ్లకు పూర్తి ఛార్జీ పడుతుంది. ఇది తెలియక సగమే అనుకుని బడ్జెట్ వేసుకునేవాళ్లు చాలామంది.

జనరల్ టిక్కెట్టు ఫోన్లో తీసుకోవచ్చు. క్యూ తప్పుతుంది. కాకపోతే 200 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి టిక్కెట్టు తీసుకున్న మూడు గంటల్లోగా రైలెక్కాలి. కాబట్టి రాత్రే కొని పెట్టుకుంటే పొద్దున్నకు పనికిరాదు. రిజర్వేషన్ అయితే 60 రోజుల ముందు నుంచి దొరుకుతుంది.

స్టేషన్ కోడ్ జాగ్రత్త. శ్రీకాకుళం రోడ్‌కు సీహెచ్‌ఈ అని ఉంటుంది, చికాకోల్ అనే పాత పేరు వల్ల. అది చూసి చెన్నై అనుకుని వెనక్కి వెళ్లిపోయి మళ్లీ వెతికేవాళ్లను చూశాను. ఇంకొకటి: హౌరా వైపు నుంచి వచ్చే రైళ్లలో కొన్ని విశాఖ స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడ మీదుగా వెళ్లిపోతాయి. బుక్ చేసే ముందు దిగే స్టేషన్ పేరు చదవండి.

ఆర్టీసీ విషయానికొస్తే, 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద రాష్ట్రంలోని ఆడవాళ్లకు, ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. నాన్‌స్టాప్ బస్సులకు, పక్క రాష్ట్రానికి వెళ్లే బస్సులకు ఇది వర్తించదు. మన రెండు ఊళ్ల నుంచి విశాఖకు నాన్‌స్టాప్‌లు ఎక్కువ కాబట్టి ఎక్కే ముందు బోర్డు చూడండి. ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లుంటే అరగంట ఆలస్యమైనా ఎక్స్‌ప్రెస్ ఎక్కడమే మేలు. మిగిలిన డబ్బుతో మధ్యాహ్నం అందరూ మంచి హోటల్లో భోంచేయొచ్చు.

## 5. సంచి

రెండు సంచులు చాలు. ఒకటి వీపున తగిలించుకునేది, ఇంకొకటి తిండి సంచి. చేతిలో పట్టుకునేది ఏదీ వద్దు. చేతులు పిల్లల కోసం ఖాళీగా ఉండాలి.

- మనిషికో నీళ్ల సీసా
- పులిహోర లేదా దిబ్బరొట్టె ముక్కలు (సాయంత్రం దాకా చెడవు, చేతికి అంటవు)
- అరటిపళ్లు, వేయించిన వేరుశనగలు
- పిల్లలకు ఒక జత బట్టలు, పల్చటి తువ్వాలు
- పెద్దవాళ్ల మందులు, ఆ రోజుకు కావాల్సినదానికి రెండింతలు
- అందరి ఆధార్ కార్డులు, కాగితం మీదవి
- చిల్లర, పది రూపాయల నోట్లు
- ఛార్జింగ్ పెట్టిన పవర్‌బ్యాంకు
- పిల్లకొక నోటుపుస్తకం, పెన్సిలు

నోటుపుస్తకం సంగతి కింద చెప్తాను. పెరుగన్నం మాత్రం తీసుకెళ్లకండి. ఎండలో మధ్యాహ్నానికి పులిసిపోతుంది.

పిల్లల జేబులో ఒక చీటీ మీద మీ ఫోన్ నంబరు రాసి పెట్టండి. బీచ్‌లో, కాంప్లెక్స్‌లో జనం మధ్య టెన్షన్ పడకుండా ఉండటానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

## 6. విశాఖ బీచ్ మ్యూజియాలు

మొదటిసారి వెళ్లే కుటుంబానికి ఇదే సరైన రోజు. మూడు మ్యూజియాలు ఒకే రోడ్డు మీద ఉన్నాయి. పక్కనే సముద్రం.

చేరడం. రైల్వే స్టేషన్ నుంచి ఆర్.కె. బీచ్ నాలుగైదు కిలోమీటర్లు ఉంటుంది. ఆటో అయితే ఎక్కే ముందే బేరం తేల్చుకోండి. బస్సయితే ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా కైలాసగిరి వెళ్లే 10కె. మన ఊరి బస్సులు కూడా ఆ కాంప్లెక్స్‌లోనే ఆగుతాయి కాబట్టి బస్సులో వచ్చినవాళ్లకు ఇది ఇంకా తేలిక.

వరుస. ముందు విశాఖ మ్యూజియం, తర్వాత భోజనం, తర్వాత సబ్‌మెరైన్, చివర విమానం. సబ్‌మెరైన్‌ను మొదట పెడితే పిల్లలకు ఆ తర్వాత మ్యూజియంలోని పాత ఆయుధాలు, నాణేలు చప్పగా అనిపిస్తాయి. ఆదివారమైతే కురుసుర దగ్గర క్యూ పెరిగే లోపు, పొద్దున్న తెరిచిన వెంటనే వెళ్లడం మంచిది. అప్పుడు వరుస తిరగెయ్యండి.

సబ్‌మెరైన్ లోపల. ఐఎన్‌ఎస్ కురుసుర 1969లో నౌకాదళంలో చేరి 2001లో సేవ నుంచి తప్పుకుంది. 2002 నుంచి మ్యూజియం. పొడవు సుమారు 91 మీటర్లు. ఒక చివర మెట్లెక్కి లోపలికి వెళ్తే, ఇంకో చివర బయటికొస్తారు. మధ్యలో వెనక్కి తిరగడానికి వీలు ఉండదు. వెనకాల జనం వస్తూనే ఉంటారు. ఇరుకు చోట్లంటే భయపడేవాళ్లు ఈ సంగతి తెలుసుకునే మెట్లెక్కాలి.

గదికీ గదికీ మధ్య గుండ్రటి ఇనుప ద్వారాలుంటాయి. పెద్దవాళ్లు సగానికి వంగితే గానీ పట్టరు. అక్కడ అందరూ తల ముందు పెట్టి దూరబోతారు. నుదురు ఇనుముకు టంగుమని తగులుతుంది. దాటే పద్ధతి ఇది: పైనున్న కమ్మీ రెండు చేతులతో పట్టుకోవాలి, ముందు ఒక కాలు అవతల పెట్టాలి, నడుము జరపాలి, తల చివర రావాలి. మా పెద్దాడికి ఎనిమిదేళ్లప్పుడు అక్కడి గైడ్‌గారు ఇలాగే నేర్పారు. రెండో ద్వారం దగ్గరకొచ్చేసరికి వాడే వెనకాలవాళ్లకు "ముందు కాలండీ, తర్వాత తలండీ" అని చెప్పడం మొదలుపెట్టాడు.

చంటిపిల్లల్ని ఎత్తుకుని వెళ్లాలంటే ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. ఒకరు ముందు దాటి నిలబడితే, ఇంకొకరు పిల్లను అందించాలి. చీర కట్టుకున్నవాళ్లు కుచ్చిళ్లు కొంచెం పైకి దోపుకోండి. సంచి వీపుకు కాకుండా పొట్టవైపు తగిలించుకుంటే గొట్టాలకు, మీటలకు తట్టదు.

గైడ్ మాట్లాడేటప్పుడు పిల్లల్ని ముందు నిలబెట్టండి. టార్పెడోలు పెట్టే గొట్టాలు ముందు 6, వెనక 4 ఉంటాయి. మొదటి గదిలో లెక్కపెట్టమని చెప్పండి, చివరి గదిలో మళ్లీ లెక్కపెట్టిస్తే మొత్తం 10 వాళ్లే తేలుస్తారు. నావికులు పడుకునే మంచాలు చూపించి, ఇందులో నువ్వు పడతావా అని అడగండి. ఇలాంటి రెండు ప్రశ్నలు చాలు, పిల్లలు ఇంటికొచ్చాక కూడా దాని గురించే మాట్లాడతారు.

పెద్దవాళ్లు ఆ వేళకు బీచ్ గోడ మీద, చెట్టు నీడన కూర్చోవచ్చు. సబ్‌మెరైన్ బయట నుంచి కూడా పూర్తిగా కనిపిస్తుంది.

విమానం. టీయూ-142 రోడ్డుకు అవతల ఉంది. 2017 డిసెంబరు నుంచి చూడొచ్చు. లోపల నడవడానికి సబ్‌మెరైన్ అంత ఇరుకు ఉండదు. రోడ్డు దాటేటప్పుడు మాత్రం పిల్లల చెయ్యి వదలకండి. బీచ్ రోడ్డులో బండ్లు వేగంగా వస్తాయి.

సముద్రం. పిల్లలు నీళ్లలోకి పరుగెత్తుతారు. ఆర్.కె. బీచ్‌లో అలలు లాగేస్తాయి. మడమల వరకే. మ్యూజియాలన్నీ అయ్యాకే ఇసుకలోకి దించండి. తడి బట్టలతో, ఇసుక కాళ్లతో ఎక్కడికీ వెళ్లలేరు. తర్వాత బట్టలు మార్చి, మురీ మిక్చర్ పొట్లం చేతిలో పెట్టి కాంప్లెక్స్‌కు బయల్దేరండి.

ఆదివారం సాయంత్రం 6 దాటితే శ్రీకాకుళం, విజయనగరం బస్సుల దగ్గర తోపులాట. 5 గంటలకు బీచ్ వదిలితే కూర్చుని వెళ్తారు.

## 7. కొత్తవలస–కిరండూల్ లైను: అరకు రైలు

విశాఖ నుంచి పొద్దున్న కిరండూల్ వెళ్లే పాసింజరు కోసమే ఈ రోజంతా. కొత్తవలస, శృంగవరపుకోట విజయనగరం జిల్లాలోవే కాబట్టి మనం విశాఖ దాకా వెనక్కి వెళ్లక్కర్లేదు. విజయనగరం నుంచి బస్సులో ఎస్.కోట వెళ్లి అక్కడ ఎక్కొచ్చు. ఇంటి నుంచి తెల్లవారకముందే కదలాలి.

ఎక్కేది ఎస్.కోటలోనైనా రిజర్వేషన్ చేయించుకోండి. జనరల్ బోగీ విశాఖలోనే నిండిపోయి వస్తుంది. శీతాకాలం ఆదివారాల్లో నిలబడటానికి కూడా చోటుండదు. అద్దాల విస్టాడోమ్ బోగీకి ఛార్జీ బాగా ఎక్కువ. పిల్లలకు మామూలు కిటికీ దగ్గర తగిలే గాలే ఎక్కువ ఇష్టం, నా మాట నమ్మండి.

బొడ్డవర దాటాక ఘాట్ మొదలవుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ, తర్వాత అరకు. ఇక్కడే నోటుపుస్తకం తీయించండి. ఒక పేజీలో స్టేషన్ల పేర్లు, ఇంకో పేజీలో సొరంగం వచ్చినప్పుడల్లా ఒక గీత. కిరండూల్ దాకా ఉన్నవి మొత్తం 58. అరకు వచ్చేసరికి పేజీ గీతలతో నిండుతుంది. మా చిన్నదాని పుస్తకంలో కొన్ని గీతలు పేజీ దాటి వంకరగా పోయాయి. అవి చీకట్లో గీసినవట! శిమిలిగూడ బోర్డు మీద సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు అని ఉంటుంది. రైలు అక్కడ ఆగగానే దాన్ని పిల్లలతోనే చదివించండి.

సొరంగాల్లో చేతులు, ఫోన్లు కిటికీ బయట పెట్టనివ్వకండి. తలుపు దగ్గర ఫొటోలు అస్సలు వద్దు.

బొర్రా లేదా అరకు, ఏదో ఒకటి. రెండూ ఒక్కరోజులో అనుకుంటే రెండూ సగం సగమే చూస్తారు. పెద్దవాళ్లుంటే అరకు. స్టేషన్ నుంచి ఆటోలో గిరిజన మ్యూజియం, తర్వాత పద్మాపురం తోట. తోటలో పిల్లల బొమ్మ రైలు ఉంది. నడవగలిగినవాళ్లే అయితే బొర్రా. దానికి చాలా మెట్లుంటాయి.

తిరుగు. సాయంత్రం వచ్చే రైలు ఆలస్యమవుతుంటుంది. దాన్నే నమ్ముకుంటే ఎస్.కోటలో చీకటి పడ్డాక దిగి బస్సు వెతుక్కోవాలి. అరకులో 3 గంటల ప్రాంతంలో ఎస్.కోట మీదుగా వెళ్లే బస్సు ఎక్కి, అక్కడ విజయనగరం బస్సు మారండి. ఘాట్ మలుపుల్లో కడుపు తిప్పే పిల్లలుంటే కిటికీ పక్కన కూర్చోబెట్టి, బస్సెక్కేముందు తిండి పెట్టకండి. నిమ్మకాయ ఒకటి జేబులో ఉండాలి.

శ్రీకాకుళం వాళ్లకు ఇది ఒక్కరోజు పని కాదు. ముందురాత్రి విజయనగరంలోనో విశాఖలోనో చుట్టాలింట్లో పడుకుని బయల్దేరండి.

వర్షాకాలంలో ఈ లైన్లో కొండచరియలు పడి రైళ్లు ఆపేస్తుంటారు. జులై నుంచి అక్టోబరు దాకా వెళ్లేవాళ్లు ముందురోజు రాత్రి, పొద్దున్న లేవగానే, రెండుసార్లు రైలు స్థితి చూసుకోండి. రద్దయితే ఆ రోజును 9వ భాగంలోని విజయనగరం నడకగా మార్చేయండి. పిల్లలకు ఏడుపు తప్పుతుంది.

## 8. నౌపడ–గుణుపూర్ లైను

శ్రీకాకుళం వాళ్లకు నేను ఎక్కువగా చెప్పేది ఇదే. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు మార్గం ఇది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి మొదలైంది. రెండున్నర అడుగుల పట్టాల మీద నడిచిన ఆ రైలును 2004లో ఆపేసి, బ్రాడ్‌గేజ్ వేసి 2011లో మళ్లీ తెరిచారు. ఇప్పుడు పొగ ఇంజన్ ఉండదు. అదే దారి, అవే ఊళ్లు, కిటికీలోంచి మహేంద్రగిరి వైపు కొండలు. ఈ మాట పిల్లలకు ముందే చెప్పండి, లేకపోతే బొమ్మల పుస్తకంలోని రైలు కోసం చూస్తారు.

1. శ్రీకాకుళం నుంచి టెక్కలికి బస్సు, సుమారు 50 కిలోమీటర్లు.
2. టెక్కలిలోనో నౌపడలోనో రైలు. ఈ లైన్లో రైళ్లు తక్కువ, కాబట్టి రోజును రైలు వేళకు సర్దుకోవాలి.
3. టెంబూరు, పాతపట్నం మీదుగా పర్లాకిమిడిలో దిగడం. అది ఒడిశా. తెలుగు మాట్లాడితే అర్థమవుతుంది.
4. ఆటోలో గజపతుల రాజప్రాసాదం బయటి నుంచి చూసి, బజారులో భోజనం.
5. ఆటోలో పాతపట్నం వచ్చి అక్కడి నుంచి శ్రీకాకుళం బస్సు.

అయిదో మెట్టులో చిన్న లాభం ఉంది. పర్లాకిమిడిలో ఎక్కితే పక్క రాష్ట్రం బస్సు, ఆడవాళ్లకు ఉచితం ఉండదు. మహేంద్రతనయ నది దాటి పాతపట్నంలో పల్లెవెలుగు ఎక్కితే ఉంటుంది.

సెప్టెంబరు నుంచి మార్చి మధ్య వెళ్తే, నౌపడకు దగ్గర్లోనే ఉన్న తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చింతచెట్ల మీద గూళ్లు కట్టుకుని ఉంటాయి. అప్పుడు పర్లాకిమిడిని ఇంకోసారికి పెట్టుకుని టెక్కలి నుంచి ఆటోలో అటు వెళ్లండి.

## 9. సగం రోజు, ఊరి దగ్గరే

విజయనగరం. స్టేషన్ లేదా కాంప్లెక్స్ నుంచి ఆటోలో మూడు లాంతర్లు. అక్కడి నుంచి నడక: గంటస్తంభం, కోట, కోటకు దగ్గర్లోనే గురజాడ అప్పారావుగారి ఇల్లు. కోట లోపల కాలేజీలున్నాయి, చదువుకునే వేళల్లో గోల చేయకూడదని పిల్లలకు చెప్పండి. గురజాడవారి ఇంటికి వెళ్లేముందు "దేశమంటే మట్టి కాదోయ్" పిల్లలచేత ఒకసారి చదివించండి. ఆ ఇంటి గడపలో నిలబడ్డప్పుడు వాళ్లకు దానంతటదే నోటికొస్తుంది. మా పిల్లలకు వచ్చింది. ఆ క్షణం కోసమైనా వెళ్లాలి.

శాలిహుండం. శ్రీకాకుళం నుంచి గార, కళింగపట్నం వైపు బస్సులు. చివరి ముక్కకు ఆటో మాట్లాడుకోండి, తిరిగి రావడానికి కూడా అతనితోనే. కొండ మీద బౌద్ధ స్తూపాల దగ్గర నీడ తక్కువ. పొద్దున్న 10 లోపు కొండెక్కి దిగి, తర్వాత మ్యూజియంలో తార, మారీచి విగ్రహాలు చూడండి. పైనుంచి వంశధార బాగా కనిపిస్తుంది. ఈ చోటును 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన పాఠాలు చెప్పింది 8వ భాగంలోని పర్లాకిమిడిలోనే. రెండు ప్రయాణాలూ చేసిన పిల్లలకు ఈ సంగతి చెప్తే కళ్లు పెద్దవవుతాయి.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

రాత్రి కిరండూల్ ఎక్స్‌ప్రెస్‌కు బుక్ చేయడం. ఘాట్ అంతా చీకట్లో పోతుంది. పగటి రైలే చూసుకోండి.

తిరుగు బస్సు దొరకకపోవడం. కాంప్లెక్స్‌లో ఎదురుచూస్తూ కూర్చోకండి. శ్రీకాకుళం వాళ్లు పలాస, టెక్కలి, ఇచ్ఛాపురం వైపు వెళ్లే ఏ బస్సైనా ఊళ్లోకి వెళ్తుందా అని కండక్టర్‌ని అడగండి. కొన్ని బైపాస్ మీదుగా పోతాయి, హైవే మీద దింపేస్తాయి.

పిల్లాడు మధ్యలో అలిగి కూర్చోవడం. నూటికి తొంభైసార్లు అది ఆకలో, బాత్రూమో. రైలు దిగగానే, మ్యూజియంలోకి వెళ్లేముందు, బస్సెక్కేముందు అందర్నీ బాత్రూమ్‌కు పంపండి. అవసరం లేదన్నా సరే.

పెద్దవాళ్లు "నాకేం ఫరవాలేదు" అనడం. మధ్యాహ్నం 2 తర్వాత ఆ మాట నమ్మకండి. అడక్కుండానే ఆటో పిలవండి.

అందరి టిక్కెట్లు ఒకే ఫోన్లో ఉండటం. ఫోటోలు తీసీ తీసీ సాయంత్రానికి ఛార్జింగ్ అయిపోతుంది. ఇంకొకరి ఫోన్లోకి కూడా పంపి ఉంచండి.

## 11. రాత్రి దిగే చోటు

బస్సు శ్రీకాకుళం దగ్గరకొస్తుండగా నాగావళి వంతెనకు పది నిమిషాల ముందే పిల్లల్ని లేపండి, చెప్పులు తొడగండి. సంచులు లెక్కపెట్టండి: వీపుసంచి, తిండి సంచి, మందుల పొట్లం, నోటుపుస్తకం. పెద్దవాళ్లను ముందు దింపి, తర్వాత పిల్లలు, చివర సీటు కింద ఒకసారి టార్చి వేసి చూసుకుని మీరు దిగండి. మా నోటుపుస్తకం ఒకసారి సీటు కిందే దొరికింది, 58 గీతల కోసం మొదలుపెట్టిన పేజీతో సహా. ఇంకా పూర్తవలేదని దాన్ని ఇప్పటికీ వీపుసంచి పై అరలోనే ఉంచాం.